ఖరగ్‌పూర్ ఇందాలో మిరప: పెరటికీ మేడకీ పనికొచ్చే చిట్కాలు

బీఎన్నార్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగాలకు ఖరగ్‌పూర్ వచ్చిన కుటుంబాలు ఏ అలవాటు మార్చుకున్నా కారం మాత్రం మానలేదు. సెలవులకి వెళ్ళినప్పుడు ఊరి నుంచి విత్తనం తెచ్చుకోవడం బాగానే ఉంది. దాంతోపాటు ఊరి సాగు లెక్కలు కూడా తెచ్చుకుంటేనే చిక్కు. ఇక్కడి నేల వేరు, వాన వేరు.

1. గుంటూరు వైపు జూలై, ఆగస్టుల్లోనే నారు పోస్తారు. ఇక్కడ ఆ రెండు నెలలూ ముసురే. మొలకలు నేల దగ్గర మెత్తబడి వాలిపోతాయి, అదే నారుకుళ్ళు. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ అయ్యాక నారు పోయండి. 35, 40 రోజుల్లో మొక్క నాటడానికి వస్తుంది. దీపావళి, కాళీపూజల నాటికి వాన వెనకబడుతుంది, ఎండ కూడా తగ్గుతుంది.

2. అన్నిటికన్నా ముఖ్యం నేల. ఇందా చుట్టుపక్కల పెరళ్ళలో గునపం వేస్తే తగిలేది ఎర్ర మొరం. నీరు ఇంకిపోవడానికి మంచిదే కానీ పులుపు ఎక్కువ, సున్నం తక్కువ. ఎంత ఎరువు వేసినా మొక్క గిడసబారి ఉండిపోతే ముందు దీన్నే అనుమానించాలి. నాటడానికి రెండు మూడు వారాల ముందు చదరపు మీటరుకు 200 గ్రాముల లెక్కన డోలమైట్ పొడి చల్లి, జానెడు లోతు తిరగేసి, ఒకసారి తడపండి. పశువుల ఎరువు అదే రోజు కలపకండి. సున్నం తగిలితే అందులోని నత్రజని ఆవిరైపోతుంది. కుండీలకైతే మొరం ఒక వంతు, చివికిన ఎరువు ఒక వంతు, ఇసుక అర వంతు.

3. పండుమిర్చికీ ఎండుమిర్చికీ గుంటూరు లాం ఫారం వాళ్ళ ఎల్‌సీఏ-334 గానీ జీ-4 గానీ వేసుకోండి. మేడమీద కుండీకి మాత్రం నా ఓటు బెంగాలీల ధానీ లంకాకే. చిట్టి కాయలు పైకి నిక్కి కాస్తాయి, కారం నషాళానికి అంటుతుంది. మొక్క ఒక్క ఏడాదితో పోదు.

4. నారుమడి జానెడు ఎత్తుండాలి. విత్తనం పలచగా చల్లాలి. ఒత్తుగా చల్లితే గాలాడక కుళ్ళు మళ్ళీ వస్తుంది.

5. మొక్కకీ మొక్కకీ మూరెడు దూరం. కుండీ 12 అంగుళాలకు తగ్గకూడదు, ఒక కుండీకి ఒకటే మొక్క.

6. బజారులో ఖోల్ అని అడిగితే ఇచ్చే ఆవచెక్కే ఇక్కడ చవకైన బలం. గుప్పెడు చెక్క నాలుగు రోజులు నానబెట్టి, పదింతలు నీళ్ళు కలిపి, పక్షానికోసారి మొక్క మొదట్లో పోయండి. కంపు భరించాలి. పక్కింటి బౌదీకి (వదినగారికి) ముందే చెప్పి పోయడం మర్యాద. పూత మొదలయ్యాక మోతాదు తగ్గించండి, లేకపోతే ఆకే తప్ప కాయ ఉండదు.

7. ఆకు ముడుచుకుందంటే వెంటనే మందు కొట్టెయ్యకండి. అంచులు పైకి లేచి దోనెలా ఉంటే తామర పురుగు. పువ్వు కింద తెల్లకాగితం పట్టి తట్టండి, సన్నటి పుల్లముక్కల్లాంటివి కదులుతూ కనిపిస్తాయి. దానికి లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. అంచులు కిందికి వంగి, తొడిమ సాగినట్టుంటే అది నల్లి. దానికి లీటరుకు 3 గ్రాముల నీటిలో కలిసే గంధకం. నూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొడితే ఆకు మాడుతుంది. ఆకులు చిన్నవై, పసుపు తిరిగి, గుత్తిగా ముడుచుకుంటే తెల్లదోమ తెచ్చిన వైరస్. ఆ మొక్క మీద జాలిపడకుండా పీకెయ్యండి.

8. ఆకు పచ్చగా ఉండగానే మొక్క ఒక్కసారిగా వాడిపోయిందా? మొదలు దగ్గర కాండం కోసి, గాజుగ్లాసులో మంచినీళ్ళు పోసి, కోసిన కొన నీళ్ళకి తగిలేలా కదపకుండా పట్టుకోండి. కాసేపట్లో పాలలాంటి తెల్లటి తీగ కిందికి జారితే బాక్టీరియా ఎండుతెగులు. దానికి మందు లేదు. వేరుతో సహా తీసి అవతల పారెయ్యాలి. వంగ, టమాటా, బంగాళాదుంప వేసిన మడిలో మిరప వద్దనేది ఇందుకే. నాలుగిళ్ళవాళ్ళు కలిసి ఒకే స్థలంలో పండించుకుంటుంటే, ఎవరు ఎక్కడ ఏం వేశారో ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి.

9. ఏప్రిల్ ఎండలకి పూత రాలితే కంగారుపడకండి. 35 డిగ్రీలు దాటితే మిరప పూత నిలవదు. మధ్యాహ్నం పాతచీర నీడ కట్టి, మొక్క మొదట్లో గడ్డి పరవండి.

10. విత్తనం దాచుకోవాలంటే పూత విచ్చకముందే ఆ కొమ్మకి పలచటి గుడ్డసంచి కట్టండి. తేనెటీగలు ధానీ లంకా పుప్పొడి తెచ్చి మరో రకానికి అంటిస్తే మరుసటి ఏడు ఏ కాయ కాస్తుందో చెప్పలేం.

11. చేతులు మండితే ముందు నూనె రాసుకుని తర్వాత సబ్బుతో కడగండి. ఆ ఘాటు వట్టి నీళ్ళకి పోదు.

12. ఊరమిరపకాయలు ఫిబ్రవరి, మార్చిలోనే పెట్టేసుకోండి. కాయకి నిలువునా గాటు పెట్టి, ఉప్పేసిన పుల్లమజ్జిగలో రాత్రి నానబెట్టి, పగలు ఎండలో పొయ్యాలి. మజ్జిగంతా పీల్చుకునేదాకా అలాగే చెయ్యాలి. చైత్రం ముదిరాక సాయంత్రాలు కాలబైశాఖి గాలివాన ఎప్పుడు విరుచుకుపడుతుందో తెలియదు. మేడమీద ఆరబోసిన చేట ఎవరింటి కప్పు మీద తేలుతుందో అసలే తెలియదు.