ఆ పచ్చ ప్లైవుడ్డు తిరిగి ఇచ్చెయ్యి

విశాఖపట్నం

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నీ పడవ ఫొటోలన్నీ చూపించింది. మిన్నెసోటా వెళ్ళినవాడు ఇల్లు కొంటాడనుకుంటే, ఎవరి దొడ్లోనో పడున్న పద్నాలుగడుగుల అల్యూమినియం పడవ కొన్నాడని ఆవిడ గోల. నాకు మాత్రం ముచ్చటేసింది. తాతగారి పోలిక ఎక్కడికి పోతుంది! కానీ ఆఖరి ఫొటోలో గోడకి చేరేసిన ప్లైవుడ్డు చూశాక నాకు నిద్ర పట్టలేదు.

ఆ పచ్చదనం చెక్కకి పట్టించిన మందుది. అందులో రాగి ఉంటుంది. చెద పట్టదు, ఇంటి మెట్లకి వేసుకో. మోటారు తగిలించే వెనక పలకకి మాత్రం వద్దు. తడి తగిలినప్పుడల్లా ఆ రాగి అల్యూమినియాన్ని కొరుక్కు తింటుంది. పైన పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల తెల్లపొడి రాలుతుంటుంది. మందు పట్టని మెరైన్ ప్లై తెచ్చి, అంచులకీ బోల్టు కన్నాల లోపలకీ ఎపాక్సీ బాగా పట్టించు. నీళ్ళు దూరేది అక్కడే.

నేను షిప్‌యార్డులో చేరిన కొత్తల్లో, డ్రై డాక్‌కి వచ్చిన ఓడ చుక్కాని దగ్గర జింకు దిమ్మలు చూశాను. ఎలకలు కొరికిన సబ్బుల్లా ఉన్నాయి. ఇవేంటిలా పాడయ్యాయంటే మా ఫోర్‌మన్ నవ్వి, "ఉక్కు బదులు ఇవి పోవాలనేరా పెట్టింది" అన్నాడు. ఆయన క్యారేజీలో ఎండు నెత్తళ్ళ పులుసు తెచ్చేవాడు, నాకూ ఓ ముద్ద పెట్టేవాడు. సరే, అదంతా ఇప్పుడెందుకు. రాగి పక్కన చేరితే నీ పడవే ఆ జింకు దిమ్మ అవుతుంది.

అడుగున పూసే రంగులోనూ రాగి ఉందేమో డబ్బా మీద చదువు. జేబులో చిల్లర కూడా పడవలో పడనివ్వకు. మీ సెంటు 1982కి ముందుదైతే దాదాపు అంతా రాగే, తరవాతిది జింకు మీద రాగి పూత. పడవ అడుగున నిలిచే నీళ్ళలో ఒక్కటి ఉండిపోయినా కన్నం పడొచ్చు. నవ్వకు. రాత్రి పన్నెండు దాకా గరాజ్‌లోనే ఉంటున్నావట, వేళకి తింటున్నావా?

రివెట్లు కారుతున్నాయేమో, ట్రైలర్ మీదే కొద్దిగా నీళ్ళు పోసి కింద నుంచి చూడు. కారినచోట మార్కర్‌తో గుర్తు పెట్టు. పెన్సిల్ వద్దు, అందులో గ్రాఫైటు రాగికి అన్న. వదులైనదాన్ని బిగించడానికి ఇద్దరు కావాలి: బయట ఒకరు ఇనప దిమ్మ ఆనిస్తే లోపల ఒకరు సుత్తితో కొట్టాలి. ఆ అమ్మాయిని పిలు. మీ అమ్మకి చెప్పన్లే.

నడిమి బల్ల కోసేసి ఎత్తుగా డెక్కు వేస్తానన్నావట. రెండు పక్కల్నీ పట్టి ఉంచేది ఆ బల్లే. దాని కింద ఫోము పడవ మునక్కుండా తేలుస్తుంది. నీళ్ళు పీల్చి బరువెక్కి ఉంటే కొత్తది వెయ్యి, ఖాళీగా వదలకు. డెక్కు మీద కుర్చీ వేసుకుని పెద్ద చేపని లాగావంటే పడవ ఒరుగుతుంది. మేలో వాలై చేపల సీజన్‌కి దింపుతావట, మంచు కరిగి ఎన్నాళ్ళయి ఉంటుంది అప్పటికి? లైఫ్ జాకెట్ తొడుక్కునే కూర్చో నాన్నా, సీటు కింద పెట్టుకోకు.

1972 తరవాతి పడవైతే ఎంతమంది ఎక్కొచ్చో, ఎంత బరువో, ఎంత మోటారో రాసిన రేకు లోపల ఉండాలి. దాని మీద రంగు వెయ్యకు. నీ మోటారు ఎన్ని హార్స్‌పవరో రాయలేదు. రేకు మీద ఉన్నదాన్ని మించితే అమ్మేసి చిన్నది కొను, డబ్బు తక్కువైతే నాకు ఫోన్ చెయ్యి.

మావయ్య