తాళంచెవి ఎవరి చేతిలో?

"దీపం ఆర్పు" అని ఇంటి యజమాని అంటాడు. దీపం ఆరిపోతుంది. ఇది మంత్రం కాదు. ఆ మాటను గ్రహించినది ఏఐ అసిస్టెంటు అనే కంప్యూటర్ ప్రోగ్రాము. దానికి చేతులు లేవు. దీపానికొకటి, తలుపుకొకటి చొప్పున మనుషులు అమర్చిన సాఫ్ట్‌వేర్ సాధనాలే దాని చేతులు. సాధనం లేని పనిని అది చేయలేదు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. యజమాని ఆజ్ఞ అయినా, పరాయివారి ఉత్తరం అయినా అసిస్టెంటుకు మాటలే. 2025లో ఇజ్రాయెల్ దేశపు టెల్ అవీవ్ నగరంలో పరిశోధకులు దీనిని రుజువు చేశారు. వారు క్యాలెండరుకు పంపిన ఆహ్వానంలో ఆజ్ఞలను దాచారు. ఆ వారం పనులేమిటో చెప్పమని గూగుల్ వారి జెమినైని అడిగారు. అది ఆహ్వానాన్ని కూడా చదివింది. ఆ తరువాత "ధన్యవాదాలు" వంటి మామూలు మాట అనగానే దాచిన ఆజ్ఞలు పనిచేశాయి. దీపాలు ఆరాయి, కిటికీ షట్టర్లు తెరుచుకొన్నాయి, బాయిలరు పనిచేయసాగింది. పరిశోధకులు ఈ లోపాన్ని ముందే తెలుపగా సంస్థ రక్షణలను పెంచింది.

కనుక దీపం వెలిగించే సాధనాన్ని అసిస్టెంటుకు ఇవ్వవచ్చు. తలుపు తెరిచే ముందు మాత్రం అది ఇంటివారి అనుమతి అడిగేటట్లు అమర్చుకోవాలి. ఎంత నేర్పరి అయిన పనివానికైనా తాళంచెవులన్నీ అప్పగించము కదా!

ప్రశ్నలు
1. అసిస్టెంటుకు చేతులు ఏవి?
2. టెల్ అవీవ్‌లో దీపాలు ఎందుకు ఆరాయి?
3. మీ ఇంట్లో ఏ పనులను అసిస్టెంటుకు అప్పగిస్తారు? వేటిని అప్పగించరు? ఎందుకు?