పరుగుకు నీ క్యాప్ – ఎవరికి, ఎట్లాంటిది, ఎట్లా వాడాలి?



ఈసారి గోడపత్రికలో సైన్సు పేజీ నాకు ఇచ్చారు. నేను మొదట చంద్రగ్రహణం గురించి రాద్దామనుకున్నాను. కానీ పోయిన శనివారం జరిగిన ఒక సంగతి వలన మోకాలి గురించి రాస్తున్నాను. ఆ సంగతి తర్వాత చెప్తాను. అక్షర దోషాలుంటే తెలుగు మేడమ్ గారు ఎర్ర పెన్నుతో దిద్దవచ్చు, చింపవద్దు.

మోకాలిని మనం మడతబందు కీలు అని చదువుకున్నాం. తలుపు బందు లాగా పని చేస్తుందని పరీక్షలో రాస్తాం, రెండు మార్కులు వస్తాయి. కానీ అందులో చాలా ఉంది. పైన తొడ ఎముక, కింద కాలి ఎముక, ముందర చిప్ప. ఈ చిప్పను ఊరికే అతికించలేదు. తొడ కండరం నుండి వచ్చే పట్టీలో ఇమిడి ఉంటుంది. కాలు మడిచి చాపినప్పుడల్లా తొడ ఎముక చివర ఉన్న గాడిలో పైకీ కిందికీ జారుతుంది, బావి గిలక మీద తాడు నడిచినట్టు. ఎముకకూ ఎముకకూ కట్టు వేసే సంధి బంధనాలు, అంటే లిగమెంట్లు, మోకాలికి ముఖ్యమైనవి 4 ఉన్నాయి. పక్కన బొమ్మ గీసినాను. ఎర్ర స్కెచ్ అయిపోయింది కాబట్టి కండరం ఆకుపచ్చగా ఉంది, నవ్వకండి.

ఇప్పుడు నా సంగతి. నేను 800 మీటర్లు, 1500 మీటర్లు పరుగెత్తుతాను. ఎండాకాలం సెలవుల్లో అమ్మతో తునికాకుకు పోయి నెలన్నర ప్రాక్టీసు మానేసినాను. జూన్‌లో హాస్టల్‌కి రాగానే ఆటల పోటీలకు సెలక్షన్ ఉందని విని, మొదటి రోజు నుండే రోడ్డు మీద డౌను దాకా ఉరికినాను. పదిహేను రోజులకు చిప్ప చుట్టూ నొప్పి మొదలైంది. మెట్లు ఎక్కేటప్పుడు కొంచెం, దిగేటప్పుడు ఎక్కువ. స్టడీ అవర్‌లో కింద కాళ్ళు మడిచి కూర్చుని లేస్తే కాలు పట్టేసేది. ఎవ్వరికీ చెప్పలేదు. చెప్తే టీం నుండి తీసేస్తారని భయం.

ఆటల గదిలో పెట్టెలో ఒక పాత నీ క్యాప్ ఉంటుంది కదా, అందరం వేసుకునేది. అది పెద్ద సైజు. నాకు రెండు రౌండ్లకే జారి పిక్క మీదికి వచ్చేది. అందుకని తునికాకు డబ్బుల్లో నుండి 280 రూపాయలు పెట్టి మందుల షాపులో ఒకటి కొన్నాను. షాపతను నన్ను పైనుండి కిందికి చూసి ఒక డబ్బా ఇచ్చినాడు. టేపు పెట్టలేదు, నేనూ అడగలేదు. డబ్బా మీద అంతా ఇంగ్లీషు. అది బాగా బిగుతు. బిగుతుగా ఉంటేనే నొప్పి పోతుందనుకుని రాత్రి కూడా వేసుకుని పడుకున్నాను. తెల్లారి పాదం ఉబ్బింది, వేళ్ళు తిమ్మిరెక్కి చల్లగా అయినాయి. ప్రేయర్‌లో నిలబడలేకపోయాను. పి.ఇ.టి. మేడమ్ అది లాగి తీసేసి, నన్ను తిట్టి, ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి ఫిజియోథెరపీ సార్ దగ్గర నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి మాట ఆయన చెప్పింది నాకు నచ్చలేదు. నీ క్యాప్ నొప్పిని నయం చేయదు అన్నారు. మరి దేనికి అని అడిగాను. అది కీలును వెచ్చగా ఉంచుతుంది, కొంచెం నొక్కి పట్టి వాపు తగ్గిస్తుంది, చర్మాన్ని తాకుతూ ఉండడం వలన మోకాలు ఎట్లా కదులుతుందో మెదడుకు బాగా తెలుస్తుంది. అంతే. కొంతమందికి దీంతో పరుగులో నొప్పి తగ్గినట్టు ఉంటుంది, కొంతమందికి ఏమీ ఉండదు. నొప్పి లేనివాళ్ళకు అవసరమే లేదు. మన దాంట్లో కొందరు స్టైలుకి వేసుకుంటున్నారు, పేర్లు రాయను.

రకాలు చూద్దాం. మామూలుగా దొరికేది సాగే గుడ్డ తొడుగు. ఇంకొకటి నియోప్రీన్ తొడుగు, అది మందంగా నల్లగా ఉంటుంది. నియోప్రీన్ అంటే 1930లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ వాళ్ళు తయారు చేసిన కృత్రిమ రబ్బరు. వెచ్చదనం ఎక్కువ ఇస్తుంది కానీ చెమట పడుతుంది, కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. చిప్ప దగ్గర గుండ్రంగా రంధ్రం ఉన్నది ఒకటి ఉంది. అది చిప్పను నేరుగా అదమకుండా చుట్టూ పట్టుకుంటుంది, చిప్ప దగ్గర నొప్పి ఉన్నవాళ్ళకు దాన్ని చూపిస్తారు. చిప్ప కింద నరం లాగా గట్టిగా తగిలే స్నాయు బంధనం మీద వేసే సన్నటి పట్టీ వేరే. రెండు పక్కల ఇనుప కమ్మీలు, బందులు ఉన్న పెద్దది లిగమెంటు దెబ్బతిన్నవాళ్ళకు. దాన్ని డాక్టరు రాస్తేనే వాడాలి, మనంతట మనం కొనకూడదు. మన విశాఖపట్నం హర్డిల్స్ క్రీడాకారిణి జ్యోతి యర్రాజి, 2023లో ఆసియా పోటీల్లో బంగారు పతకం గెలిచిన అక్క, ఆమెకు 2025లో మోకాలి లోపలి లిగమెంటు తెగితే ఆపరేషన్ చేశారు. అంత పెద్ద క్రీడాకారిణికే అట్లా అయితే, తెగినదానికి 280 రూపాయల తొడుగు ఏం చేస్తుంది? కబడ్డీ వాళ్ళు ఇది బాగా చదవండి. ఒక్కసారిగా ఆగి పక్కకు తిరిగే ఆటల్లో ఈ దెబ్బ మగపిల్లల కంటే ఆడపిల్లలకే ఎక్కువగా తగులుతుంది.

కొలత ఎట్లా తీయాలంటే, డబ్బా మీద ఒక చిన్న బొమ్మ, పట్టిక ఉంటాయి. కొన్ని కంపెనీలు చిప్ప మధ్యలో చుట్టుకొలత అడుగుతాయి, కొన్ని చిప్పకు కొన్ని అంగుళాల పైన తొడ చుట్టుకొలత అడుగుతాయి. ఏది అడిగితే అదే కొలవాలి. ఒక కంపెనీలో మీడియం ఇంకో కంపెనీలో మీడియం కాదు. టేపు లేకపోతే దారం చుట్టి, ముడి దగ్గర సిరా చుక్క పెట్టి, స్కేలు మీద పరచండి. నిలబడి, కాలు వదులుగా ఉంచి కొలవాలి. వేసుకున్నాక అంచు కింద రెండు వేళ్ళు దూరాలి. పది గుంజీలు తీసినా జారకూడదు. వేళ్ళు తిమ్మిరెక్కినా, రంగు మారినా, పిక్క ఉబ్బినా వెంటనే తీసేయాలి. నాకు ఇచ్చింది మీడియం. సార్ టేపుతో కొలిస్తే నా కాలికి ఆ కంపెనీ పట్టికలో లార్జ్ రావాలి. సన్నగా ఉన్నావు కదా అని షాపతను అనుకున్నట్టున్నాడు, కానీ ఉరికే కాలు తొడ దగ్గర సన్నగా ఉండదు.

పరుగప్పుడు వేసుకుని, అయ్యాక తీసేయాలి. పడుకునేటప్పుడు వద్దు. దెబ్బ, పుండు ఉన్నచోట, తడి కాలు మీద వేయకూడదు. సబ్బునీళ్ళలో చేత్తో ఉతికి, పిండకుండా నీడలో ఆరేయాలి. ఎండలో, పొయ్యి దగ్గర ఆరేస్తే సాగుడు పోతుంది. సాగిపోయినది వేసుకున్నా ఒకటే, వేసుకోకున్నా ఒకటే. మన పెట్టెలోది అట్లాంటిదే. పైగా అయిదుగురం ఒకరి చెమట ఒకరం వేసుకుంటున్నాం. పోయిన వానాకాలం తామర ఎట్లా పాకిందో వార్డెన్ మేడమ్‌కు గుర్తుండే ఉంటుంది.

నా నొప్పి తగ్గింది మాత్రం వేరే పనుల వల్ల. రెండు వారాలు దూరం సగానికి తగ్గించాను, డౌను మానేసి గ్రౌండులో ఉరికినాను. వెల్లకిలా పడుకుని కాలు చాచి మెల్లగా పైకి లేపి దించడం, పక్కకు పడుకుని పై కాలు లేపడం, రోజూ పదేసి చొప్పున మూడుసార్లు చేశాను. తొడ, తుంటి కండరాలు గట్టిపడితే చిప్ప గాడిలో సక్రమంగా నడుస్తుందట. రెండు నెలలు పట్టింది. సెలక్షన్ అయిపోయింది, నేను పోలేదు. అది ఇంకా బాధగానే ఉంది.

మోకాలు బాగా వాచినా, మడిచాక చాపరాకుండా పట్టేసినా, నడుస్తుంటే ఉన్నట్టుండి మడత పడిపోతున్నా, కాలు మోపలేకపోయినా, రాత్రి నిద్రలో నొప్పి లేచినా, జ్వరంతో పాటు వాచినా నీ క్యాప్ వెతకవద్దు, చెప్పండి. నొప్పి మాత్ర వేసుకుని ఉరకడం ఇంకా తప్పు.

ఇక శనివారం సంగతి. ఏడో తరగతి చెల్లి ఒకామె నా తొడుగు అడిగింది. ఎందుకే అంటే గౌను కొంచెం ఎత్తి చూపించింది. చిప్పకు కింద ఎముక మీద గడ్డ లాగా ఉంది, ముట్టుకుంటే అరిచింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది, తనకి కూడా టీం భయమే. నేను ఆదివారం రాత్రంతా ఆలోచించి సోమవారం పొద్దున మేడమ్‌కు చెప్పేశాను. ఆసుపత్రిలో ఆస్‌గుడ్ ష్లాటర్ అన్నారు. 1903లో ఇద్దరు డాక్టర్లు విడివిడిగా రాశారట, వాళ్ళ పేర్లే పెట్టారు. ఎదిగే వయసులో ఎముక చివర ఇంకా మెత్తగా ఉంటుంది, ఎక్కువగా ఉరికితే, గెంతితే తొడ కండరం పట్టీ దాన్ని లాగి లాగి నొప్పి పుట్టిస్తుంది. భయపడాల్సింది కాదు, ఎదుగుదల అయ్యేసరికి నొప్పి పోతుంది, గడ్డ మాత్రం కొందరికి ఉండిపోతుంది. గెంతడం, ఉరకడం కొన్నాళ్ళు తగ్గించమన్నారు, గుడ్డలో చుట్టి ఐసు పెట్టమన్నారు. మానేయమని అనలేదు, తగ్గించమన్నారు. టీం నుండి కూడా తీయలేదు, పి.ఇ.టి. మేడమ్ రిజర్వులో ఉంచారు.

ఆ చెల్లి ఇంకా నాతో మాట్లాడటం లేదు. భోజనం లైనులో నా వెనక నిలబడాల్సి వస్తే పళ్ళెం తీసుకుని చివరికి పోతుంది.

కుట్టు క్లాసు టేపును అక్కడి మేడమ్‌ను అడిగి ఆటల గది మేకుకు తగిలించాను. కొలత తీయించుకోవాలనుకునేవారు స్టడీ అవర్ అయ్యాక, బెల్లుకు ముందు రండి. టేపును ఆ మేకుకే మళ్ళీ తగిలించాలి, సోమవారం కుట్టు క్లాసు ఉంది.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని, పై అంతస్తు, కిటికీ పక్క మంచం