టీబీ మందులు – అరికాళ్ళ మంట

మన ఇబ్రహీంపట్నంలో టీబీ మందులు వాడేవారు కొందరు మాతో అనే మాట ఒకటే: "దగ్గు తగ్గింది మాస్టారూ, కానీ అరికాళ్ళు మండిపోతున్నాయి." ఆ మంటకు భయపడి మాత్రలు మానేయడమే అసలు ప్రమాదం. మామూలు టీబీకి 6 నెలల చికిత్స. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది, మొండిదీ కావచ్చు.

మంటకు తరచు కారణం ఐసోనియాజిడ్ అనే మందు. అది ఒంట్లో బి6 విటమిన్‌ను తగ్గిస్తుంది, నరాలు దెబ్బతింటాయి. షుగరు ఉన్నవారికి, తిండి చాలనివారికి ఈ బాధ ఎక్కువ. డాక్టరుకు చెబితే పైరిడాక్సిన్ మాత్ర రాస్తారు. సొంతంగా కొని మింగరాదు. మోతాదు మించితే అదీ నరాలకు చేటే. బొటనవేలి కీలు వాస్తే అది వేరే సంగతి, పైరజినమైడ్ వల్ల కావచ్చు. అదీ చెప్పాలి.

తిమ్మిరెక్కిన కాలికి వేడి తెలియదు. వుజూకు వేణ్ణీళ్ళయితే మోచేతితో చూసుకోవాలి. ఎండాకాలం మసీదు ఆవరణలో కాలే బండల మీద వట్టికాళ్ళతో నడవరాదు. నిలబడలేనివారు కూర్చుని నమాజు చదువుకోవచ్చు, ఇందులో మొహమాటమేమిటి?

2024 నవంబరు నుంచి ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగికి నెలకు 1,000 రూపాయలు ఇస్తోంది. ఈ ధరల్లో అది ఏ మూలకు? దాతలు నిక్షయ్ మిత్రగా నమోదై ఒక రోగికి పోషకాహారం అందించవచ్చు. ఆ సంచిలో పప్పు, వేరుశనగలు, గుడ్లతో పాటు ఒక జత మెత్తని చెప్పులు కూడా పెట్టండి.