రంగు పొక్కినచోట త్రుప్పు దాగియుండును

రాప్తాడు మెట్టసీమలో వాన తక్కువ. అనంతపురం జిల్లాలో సంవత్సరమునకు సగటున కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. "ఇంత ఎండునేలలో ఇనుమునకు త్రుప్పేమిటి?" అని పలువురు రైతులు అనుకొందురు. కాని ట్రాక్టరు మడ్‌గార్డు అంచున, ట్రాలీ ప్రక్కరేకుల అడుగున, కారు తలుపుల క్రింద రంగు బుడగలవలె పొంగుట అందరును చూచుచున్నదే. దానిపై మరొక పూత రంగు వేసి ఊరకుండుట పెద్ద పొరపాటు.

పొక్కు వచ్చు కారణము

ఇనుము, నీరు, గాలి కలిసినచోట త్రుప్పు పుట్టును. అది తాను తినివేసిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించి, రంగుపొరను పైకి నెట్టును. అదియే పొక్కు. ఉప్పు చేరినచో ఈ పని త్వరపడును. ట్రాలీలో పొటాష్ వంటి ఎరువులు మోసిన పిమ్మట మూలలలో మిగిలిన పొడి ఎర్రమట్టితో కలిసి, మంచుకే చెమ్మగిల్లి, త్వరగా ఆరదు. ఉప్పుబోరు నీటితో కడిగి వదలినను ఇంతే.

మరియొక కారణము కలదు. కార్ల కర్మాగారములలో బాడీని మొత్తముగా ప్రైమరు తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయముతో లోపలి సందులకుకూడ పూత పట్టింతురు. ఊళ్లలోని వెల్డింగు షాపులలో చేయు ట్రాలీకి చేయి అందినంత మేరకే రంగు పడును. మడతలలోను, అతుకుల వెనుకను ఇనుము వట్టిదిగానే ఉండును. త్రుప్పు అక్కడ మొదలై బయటికి వచ్చును. కావున పైన పొక్కు కనబడునప్పటికి లోపల రేకు చాలవరకు తినిపోయి ఉండవచ్చును.

పరీక్షించు విధము

పొక్కును చాకుమొనతో విప్పి చూడవలెను. అడుగున ఇనుము శుభ్రముగా ఉన్నచో, రంగు వేసిననాడు చెమ్మయో జిడ్డో మిగిలినదని గ్రహించి, గీకి తిరిగి రంగు వేసిన చాలును. గోధుమరంగు పొడి రాలినచో త్రుప్పే. అప్పుడు చుట్టును చిన్న సుత్తితో తట్టి, స్క్రూడ్రైవరుతో నొక్కి చూడవలెను. గట్టి రేకు ఖంగుమనును. తినిపోయిన రేకు మొద్దుగా పలికి లోపలికి దిగును. పాతబండి కొనువారు పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతమును అంచులవెంట నడిపి చూడవలెను. లప్పము దట్టముగా పూసినచోట అది పట్టదు. ప్లాస్టిక్ భాగములకు ఈ పరీక్ష చెల్లదు.

బాగుచేయు పద్ధతి

1. కడిగి బాగుగా ఆరబెట్టవలెను. త్రుప్పు కనబడు మేరకంటె రెండంగుళములు వెలుపలివరకు రంగు తీసి, వైరు బ్రష్షుతోను, గరుకు కాగితముతోను ఇనుము మెరయువరకు రుద్దవలెను. కళ్లకు అద్దములు, ముక్కుకు మాస్కు ఉండవలెను. పాత రంగులలో సీసము ఉండవచ్చును గనుక తడిపి రుద్ది, మరల ఆరబెట్టుట మంచిది.

2. గుంటలలో మిగిలిన త్రుప్పునకు ఫాస్ఫారిక్ ఆమ్లము గల మందును, చేతితొడుగులు వేసికొని, డబ్బాపై సూచనల ప్రకారము పూయవలెను.

3. చిల్లును లప్పముతో పూడ్చరాదు. లప్పము చెమ్మను పీల్చును. చెడిన రేకు కోసివేసి, క్రొత్త రేకు వెల్డింగు చేయించవలెను. ముందుగా బ్యాటరీ తీగలు విప్పవలెను. డీజిలు ట్యాంకు దగ్గర వెల్డింగు కూడదు.

4. మెరయు ఇనుమును రాత్రి మంచుకు వదలరాదు. ఆనాడే ప్రైమరు వేసి, ఆరిన పిమ్మట రంగును రెండు పలుచని పూతలుగా వేయవలెను.

5. లోపలి మడతలకు మైనపు పూత వేయవలెను. నీరు దిగు రంధ్రములు మట్టితో పూడుకొనకుండ చూడవలెను.

ఆషాఢమాసపు గాలులలో దుమ్ము లేచి తడిరంగుకు అంటుకొనును. ఖరీఫు వేరుశనగ ఇల్లు చేరిన పిమ్మట, ప్రొద్దెక్కి మంచు ఆరిన వేళ ఈ పని పెట్టుకొనుట మేలు.

ఉపేక్షింపరాని చోట్లు

ట్రాక్టరుకు తగిలించు కొక్కెము, దాని దూలము, ఇరుసు అతుకులు, నేలరేకు ఇవి బరువు మోయు భాగములు. వీటివద్ద రంగు పొక్కినచో స్వయముగా సరిచేయక, అనుభవముగల మెకానిక్కుకు చూపి, అంతవరకు బరువు ఎక్కించరాదు. రాప్తాడు మీదుగా పోవు 44వ జాతీయ రహదారిపై కొక్కెము తెగినచో పోవునది రంగు కాదు, ప్రాణము. గ్రామాధికారులు కోతలకు ముందు ఈ సంగతి రైతులకు గుర్తుచేయుట మంచిది.