పన్ను తీయించుకున్న తరువాత

పాలకీడులో మిరప ఏరే రోజులు. ఒక కోడలికి దవడ పన్ను సలుపుతోంది. లవంగం పెట్టింది. పొగాకు అదిమింది. సలుపు తగ్గలేదు. చెంప వాచింది. ఆఖరికి హుజూర్‌నగర్ పోయి పన్ను తీయించుకుంది.

ఇంటికి వచ్చేసరికి నోట్లో దూది ఉంది. పెదవి మొద్దుబారి ఉంది. అత్త చూసి కంగారు పడింది.

"రక్తం మింగుతున్నవా? ఉమ్మెయ్ బిడ్డా."

"ఉమ్మొద్దన్నడు అత్తమ్మా, డాక్టరు సారు."

"ఇదేం చోద్యమే! రక్తం కడుపులకు పోతే ఎట్ల?"

డాక్టరు చెప్పిందే సరి. ఎందుకో చూద్దాం.

పన్ను తీసిన చోట గుంట పడుతుంది. గుంటలో రక్తం చేరుతుంది. కొంచెం సేపటికి అది గడ్డ కడుతుంది. కాలికి దెబ్బ తగిలితే గుడ్డతో కట్టు కడతాం. నోట్లో కట్టు కట్టలేం. ఈ రక్తపు గడ్డే ఆ గాయానికి కట్టు. దాని కింద ఎముక ఉంది, నరాలు ఉన్నాయి. గట్టిగా ఉమ్మితే గడ్డ ఊడి వస్తుంది. గట్టిగా పుక్కిలించినా, గొట్టంతో కూల్‌డ్రింకు పీల్చినా, బీడీ పీల్చినా ఊడుతుంది. కొత్తగా నాటిన నారు వేరు పట్టేదాకా ఆ మడిని తొక్కుతామా? ఇదీ అంతే.

అందుకే డాక్టరు పెట్టిన దూదిని అరగంట నుంచి ముప్పావు గంట దాకా గట్టిగా కరిచి పట్టుకోవాలి. మాటిమాటికీ తీసి చూడకూడదు. ఆ రోజంతా ఉమ్మిలో కొంచెం ఎరుపు కనిపిస్తుంది. దానికి భయపడొద్దు. ఉమ్మిని మెల్లగా మింగెయ్యాలి. రక్తం ఎక్కువగా కారితే శుభ్రమైన గుడ్డను మడిచి గాయం మీద పెట్టి, మళ్లీ అరగంట కరిచి పట్టాలి. అప్పటికీ ఆగకపోతే దవాఖానకు పోవాలి. పడుకునేటప్పుడు తల కొంచెం ఎత్తులో ఉంచుకోవాలి.

మొద్దుబారిన నోటికి స్పర్శ తెలియదు. అప్పుడు తింటే చెంప కొరుక్కుంటాం. నోరు కాలినా తెలియదు. స్పర్శ వచ్చాకే తినాలి.

ఏం తినాలి? చల్లారిన రాగి జావ, మెత్తటి పెరుగన్నం, అరటిపండు. రెండో వైపు నమలాలి. వేడి టీ, కారం, ఎండిన జొన్నరొట్టె కొన్నాళ్లు వద్దు. కల్లు, సారా అసలే వద్దు. మన దగ్గర ఒక మాట ఉంది. పప్పు తింటే చీము పడుతుందట! అది నిజం కాదు. పుండు మానడానికి పప్పు, పాలు, గుడ్డు బలం ఇస్తాయి. చీము పట్టేది పప్పుతో కాదు, సూక్ష్మక్రిములతో. పై పన్ను తీయిస్తే కండ్లు పోతాయని కూడా అంటారు. చూపు నరం వేరు, పంటి నరం వేరు. ఈ భయంతో పుచ్చిన పన్నును ఏళ్ల తరబడి నోట్లో పెట్టుకుని బాధపడేవాళ్లు ఎందరో!

కోడలికి ఇంకో బెంగ ఉంది. తెల్లారితే మిరప తోటకు పోవాలి. కూలీ పోతుంది కదా! జాన్‌పహాడ్ ఉర్సు దగ్గరికి వచ్చింది. కందూరుకు డబ్బు కావాలి.

వంగి పని చేస్తే, బరువు ఎత్తితే రక్తం మళ్లీ కారవచ్చు. ఒక రోజు ఆగితే ఒక రోజు కూలీ పోతుంది. గడ్డ ఊడితే నాలుగైదు రోజుల కూలీ పోతుంది. దవాఖాన ఖర్చు అదనం. ఈ లెక్క అత్తకు కూడా చెప్పాలి. ఉర్సులో కందూరు కూర తినొచ్చు. బొక్కలు మాత్రం కొరకొద్దు.

మరునాటి నుంచి ఉప్పు నీళ్లు పట్టాలి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు చాలు. తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచి, నీళ్లను వాటంతట అవే కారనివ్వాలి. మిగతా పండ్లను మెత్తటి బ్రష్షుతో తోముకోవచ్చు. గుంట జోలికి పోవద్దు. వేలు పెట్టొద్దు, పుల్ల పెట్టొద్దు. తంబాకు, జర్దా, గుట్కా ఏవీ ఆ గుంటలో పెట్టొద్దు. అవి గాయాన్ని మాననివ్వవు.

నొప్పి రోజురోజుకూ తగ్గాలి. రెండు మూడు రోజుల తరువాత పెరిగిందంటే, చెవిలోకి పోటు వచ్చి నోరు వాసన వేస్తుందంటే గడ్డ ఊడిందని అనుమానించాలి. దవాఖానలో గుంట కడిగి మందు పెడతారు. జ్వరం వచ్చినా, వాపు పెరిగినా, నోరు తెరుచుకోకపోయినా ఆలస్యం చేయొద్దు. మింగలేకపోతే, ఊపిరి ఆడకపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

పన్ను తీయకముందే డాక్టరుకు కొన్ని సంగతులు చెప్పాలి. షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నాయా? రక్తం పలచబడే గోలీలు వాడుతున్నారా? కడుపుతో ఉన్నారా? సిగ్గుపడి దాచొద్దు.

ఇంకో సంగతి. 2016 దాకా పాలకీడు నల్లగొండ జిల్లాలో ఉండేది. నల్లగొండ ఊళ్లలో ఫ్లోరైడు నీళ్ల వల్ల చాలామంది పండ్లకు గార పట్టింది. గార వేరు, పుచ్చు వేరు. గార పోవాలని ఇటుక పొడితో, బొగ్గుతో రుద్దుతారు. గార పోదు. పన్ను అరిగి జివ్వుమంటుంది.

చదవండి, చెప్పండి

గోలీల కవరు మీద ఇలా రాసి ఉంది:
చీము పట్టకుండా. పొద్దున 1, రాత్రి 1. తిన్న తరువాత. 5 రోజులు.

కవరులో మొత్తం ఎన్ని గోలీలు ఉండాలి?
మూడో రోజుకే నొప్పి తగ్గింది. మిగిలిన గోలీలు దాచిపెట్టాలా, వేసుకోవాలా?
మీ ఇంట్లో ఉన్న గోలీల అట్ట తీయండి. దాని మీద ఉన్న ఆఖరు తేదీని పలక మీద రాయండి.