గాలిమర, మోటబావి, కరెంటు మోటారు

గాలి విసురుకు తిరుగు చక్రముతో పారశీక దేశమువారు ధాన్యము విసరిరి. హాలెండువారు పల్లపు భూములలోని నీటిని తోడిరి. రైతు బావికి పనికివచ్చు గాలిమర మాత్రము 1854లో అమెరికాలో వెలసినది. డేనియల్ హాలడే నిర్మించిన ఆ మర గాలి వచ్చు దిక్కునకు తానే మళ్ళును. గాలి హెచ్చినచో వేగమును తానే తగ్గించుకొనును. కావలి మనిషి అక్కరలేదు.

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఆ పని చేసినవి ఎద్దులు. అవి వాలుదారిన దిగుచుండగా గిరకమీదుగా మోట పైకివచ్చి, తొండము గుండ నీరు కాలువలో పడెడిది. ఇచట గాలిమర ఏల కుదరదో లెక్క చెప్పును. గాలి వేగము సగమైనచో బలము సగము కాదు, ఎనిమిదవ వంతగును. యాసంగి పైరుకు బావినీరు కావలసిన నెలలలోనే మనకు గాలి పలుచన. అనంతపురము జిల్లా రామగిరి కొండలపై 1990 దశాబ్దమున విద్యుత్తుకై గాలిమరలు నిలిపిరన్న, ఆ కొండగాలి వేరు.

అమెరికాలో 1936 నాటి గ్రామీణ విద్యుత్ చట్టము తరువాత రైతుల సహకార సంఘములు పల్లెలకు తీగలు లాగినవి. గాలిమరలు క్రమముగా మూలబడినవి. ఆ సహకార పద్ధతియే 1970లో సిరిసిల్లకు వచ్చినది. దేశమున తొలుత ఏర్పడిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘములలో ఇదియొకటి. తక్కినవి హుకేరి, కొడినార్, ములా-ప్రవర, లక్నోలవి. ఊరి మగ్గమునకును బావికిని ఒకే తీగ వచ్చుట చిన్న మార్పు కాదు.

అయితే ఎద్దులు అలసినచో మోట ఆగెడిది. గాలి తగ్గినచో గాలిమర ఆగెడిది. ఆ విరామమున బావి ఊరెడిది. మోటారుకు అలసట లేదు. మోటబావులు అడుగంటగా రైతు బోరు వేయించెను. అదియు ఎండగా మరింత లోతునకు పోయెను. జగిత్యాల, కోరుట్ల వైపు శ్రీరామసాగరు కాకతీయ కాలువ బావులకు కొంత ఊట నిచ్చినది. సిరిసిల్ల మెట్టకు చాలకాలము ఆ ఆధారము లేకపోయెను. 2018 జనవరి 1 నుండి సాగుకు ఇరువదినాలుగు గంటల విద్యుత్తు మొదలైన పిదప, ఆటో స్టార్టరు బిగించిన చోట రైతు నిద్రించుచుండగనే నీరు పైకివచ్చినది. ఆ స్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వమే కోరవలసివచ్చెను.

పంచాయతీకి ఇందు నేరుగా సంబంధించిన అంశమొకటి కలదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము ఊరి త్రాగునీటి ఆధారమునకు 250 మీటర్ల లోపల మోటారు బిగించు బావిని అనుమతి లేక త్రవ్వరాదు. తమ ఊరి మంచినీటి బావి నుండి ఆ దూరము ఎవరి పొలము దాక పోవునో సభ్యులు టేపు పట్టి కొలచి, ఆ హద్దును పంచాయతీ పుస్తకమున వ్రాయించవచ్చును.